గోధుమ మొలకకు కబురు పంపేదెవరు?

పిల్లలూ! ఈ నెల పాఠానికి మీకు కావలసింది ఒక గుప్పెడు గోధుమలు.

"గోధుమలా? మా ఊళ్ళో ప్రత్తి, మిరప వేస్తారు గాని గోధుమ ఎవరు వేస్తారండీ?" అని మీలో కొందరు అడుగుతారు. నిజమే. నరసరావుపేట నుంచి చిలకలూరిపేట మీదుగా అద్దంకి దాకా నల్లరేగడి చేల వెంట నడిచి వెళ్ళినా ఒక గోధుమ చేను కనుపించడం కష్టం. మనకు గోధుమ కొట్టునుంచి రావలసిందే. ఎందుకలాగో ఈ పాఠం పూర్తి అయ్యేసరికి మీరే చెప్పగలుగుతారు.

అయినా మొక్క పెరిగే తీరు తెలుసుకోవడానికి గోధుమ గింజ చాల మంచి సాధనం. మిరప గింజ మొలవడానికి వారం పది రోజులు పడుతుంది. గోధుమ మూడు నాలుగు రోజులలో తల ఎత్తుతుంది. పైగా మొలక సూదివలె నిటారుగా వస్తుంది గనుక కొలబద్దతో కొలవడం సుళువు.

మూడు పళ్ళేల ప్రయోగం

మార్గశిరం, పుష్యం నెలలలో, అనగా కాస్త చల్లగా ఉండే రోజులలో ఈ ప్రయోగం చెయ్యండి. పురుగు పట్టని గోధుమలు అరవై లెక్కపెట్టి ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టండి. మూడు పళ్ళేలలో తడిగుడ్డ పరచి, ఒక్కొక్కదానిలో ఇరవై గింజలు వెయ్యండి. ఒక పళ్ళెం గదిలో ఉంచండి. రెండవది అమ్మను అడిగి ఫ్రిజ్‌లో పెట్టండి. అక్కడ నాలుగైదు డిగ్రీల చలి ఉంటుంది. మూడవది వంటింటిలో పొయ్యి గట్టుకు దగ్గరగా, వెచ్చగా ఉండేచోట పెట్టండి. ఆ చోటు చెయ్యి కాలేటంత వేడిగా ఉండరాదు.

మూడింటిమీదా అట్టపెట్టెలు బోర్లించడం మరచిపోకండి. ఎందుకంటారా? ఫ్రిజ్ లోపల చీకటి, గదిలో వెలుతురు. అట్ట వెయ్యకపోతే మొలకలలో కనుపించే తేడా చలివల్ల వచ్చిందో, చీకటివల్ల వచ్చిందో తేల్చలేము. మనం పరీక్షించదలచుకున్న దానిని ఒక్కదానినే మార్చి, మిగిలినవన్నీ సమానంగా ఉంచాలి. ప్రయోగం చేసేవారు మొదట నేర్చుకోవలసిన నీతి ఇదే.

ఇక రోజూ ఒకే వేళకు మొలకలు కొలిచి, ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టండి. ఫ్రిజ్‌లోని గింజలు చచ్చిపోయాయని అనుకోకండి. అవి అతి మెల్లగా మేలుకుంటాయి. గోధుమకు మూడు నాలుగు డిగ్రీల చలిలో కూడ మొలకెత్తే ఓర్పు ఉన్నది. దానికి బాగా నప్పేది ఇరవై నుంచి ఇరవై అయిదు డిగ్రీల వెచ్చదనం. ముప్ఫై అయిదు దాటితే మొలిచే గింజలు తగ్గిపోతాయి.

గింజ లోపలి వంటశాల

వెచ్చదనానికీ మొలకకూ సంబంధం ఏమిటి? గింజలో ఒక మూల చిన్న పిల్లమొక్క నిద్రపోతూ ఉంటుంది. మిగిలిన భాగమంతా దానికోసం దాచిన పిండి. కాని పిల్లమొక్క పిండిని పిండిగా తినలేదు. దానిని చక్కెరగా మార్చుకోవాలి. గింజ తడిసినప్పుడు పిల్లమొక్క ఒక పదార్థాన్ని తయారుచేసి, తొక్క కింద ఉన్న పలుచని పొరకు పంపుతుంది. ఆ కబురు అందగానే ఆ పొర జీర్ణరసాలను వదులుతుంది. అవి పిండిని కరగించి చక్కెర చేస్తాయి. మొలకెత్తిన రాగులను ఎండబెట్టి విసిరిన పిండి జావ కాచుకుంటే మామూలు రాగిజావకన్న తియ్యగా ఉంటుంది. ఆ తీపి ఇలా వచ్చినదే.

కబురు మోసే ఆ పదార్థం పేరు జిబ్బరెల్లిన్. మొక్కలో ఒకచోట పుట్టి, మరొకచోటికి వెళ్ళి, అతి కొద్ది మోతాదులోనే పని చేయించే ఇటువంటి పదార్థాలను హార్మోనులు అంటారు. గ్రీకు భాషలో ఆ మాటకు పురికొల్పేది అని అర్థం. కబురు అందినా రసాలు చురుకుగా పనిచెయ్యడానికి తగిన వెచ్చదనం ఉండాలి. చలిలో వంట మెల్లగా సాగుతుంది. వేడి మితిమీరితే ఆ రసాలే చెడిపోతాయి. ఫ్రిజ్ పళ్ళెం ఎందుకు వెనకబడిందో ఇప్పుడు తెలిసింది కదా!

జపాను వారి వెర్రి మొలక

జిబ్బరెల్లిన్‌ను కనిపెట్టిన కథ వరిచేలో మొదలయింది. జపాను రైతుల వరి మళ్ళలో అక్కడక్కడ కొన్ని మొక్కలు తోటివాటికన్న జానెడు పొడుగ్గా, పాలిపోయి, సన్నగా పెరిగేవి. వాటిలో చాలవాటికి గింజ పట్టేది కాదు. రైతులు వాటిని వెర్రి మొలకలు అనేవారు. 1926లో ఎయిచి కురొసావా అనే శాస్త్రజ్ఞుడు ఆ రోగం తెచ్చే బూజును పెంచి, బూజు లేకుండా వడగట్టిన రసాన్ని మాత్రమే మంచి మొక్కలకు ఇచ్చి చూచాడు. అవి కూడ వెర్రిగా పొడుగు సాగాయి! అంటే మొక్కను పొడుగు సాగదీసే పదార్థం ఆ రసంలో ఉన్నదన్నమాట. 1935లో తెయిజిరో యబుతా దానికి ఆ బూజు పేరు మీదుగా జిబ్బరెల్లిన్ అని పేరు పెట్టాడు. అదే పదార్థం మంచి మొక్కలలో కూడ సహజంగా, తగిన మోతాదులో ఉంటుందని తరువాత తెలిసింది.

ఈ సంగతికీ మనం తినే చపాతీకీ చుట్టరికం ఉన్నది. వెనుకటి గోధుమ మొక్కలు నిలువెత్తు పెరిగేవి. ఎరువు ఎక్కువ వేస్తే వెన్ను బరువుకు నేలకు ఒరిగిపోయేవి. జపానులోని నోరిన్ 10 అనే పొట్టి గోధుమతో సంకరం చేసి మెక్సికోలో నార్మన్ బోర్లాగ్ ఒరగని రకాలు తయారుచేశాడు. 1966లో మన దేశం మెక్సికోనుంచి 18,000 టన్నుల పొట్టి గోధుమ విత్తనం తెప్పించింది. మన శాస్త్రజ్ఞులలో ఎం. ఎస్. స్వామినాథన్ ఆ పనికి ముందు నిలిచాడు. ఆ పొట్టితనానికి కారణం 1999లో బయటపడింది. ఆ మొక్కలలో జిబ్బరెల్లిన్ లేక కాదు; ఉన్నా అవి దాని కబురు సరిగా వినవు. ఒక విధంగా చెప్పాలంటే వాటికి చెముడు!

ఆ చెముడు మొలకనాడే తెలుస్తుంది. గోధుమ మొలక లేత ఆకు ఒక ఒరలో దాగి మట్టిని తొలుచుకుంటూ పైకి వస్తుంది, కత్తి ఒరలో ఉన్నట్లు. పొట్టి రకాలకు ఆ ఒర కూడ పొట్టి. పాత అలవాటు చొప్పున విత్తనాన్ని లోతుగా వేస్తే ఒర నేల లోపలే ఆగిపోతుంది. అప్పుడు లేత ఆకు మట్టిలో మడతపడి చస్తుంది. అందుచేత ఆ విత్తనం వచ్చిన కొత్తలో, రెండు అంగుళాలకు మించి లోతు పోనివ్వవద్దని ఉత్తరాది రైతులకు నచ్చజెప్పవలసి వచ్చింది. నేల వేడిగా ఉంటే ఆ ఒర ఇంకా పొట్టిదవుతుంది. మీ పళ్ళేలలోని ఒరలను కొలిచి, వెచ్చని చోట పెరిగినది పొడుగో, గదిలోనిది పొడుగో చూడండి.

మొలక తల చేసే పని

గదిలోని పళ్ళెంలో మొలకలు ఒక అంగుళం ఎత్తు వచ్చాక మరొక వింత చూడవచ్చు. పెట్టెకు ఒక పక్క చిన్న కిటికీ కత్తిరించి, వెలుతురు ఆ పక్కనుంచే వచ్చేటట్లు ఉంచండి. మరునాటికి మొలకలన్నీ కిటికీ వైపు వంగుతాయి. ఇప్పుడు అయిదు మొలకల కొసలకు చాకొలెట్టు మీది వెండి కాగితంతో చిన్న టోపీలు పెట్టి, పెట్టెను అటునుంచి ఇటు తిప్పండి. టోపీ లేనివి మళ్ళీ వెలుతురు వైపు తిరుగుతాయి. టోపీ పెట్టినవి తిరగవు.

చార్లెస్ డార్విన్ తన కుమారుడు ఫ్రాన్సిస్‌తో కలసి ఇటువంటి ప్రయోగాలే గడ్డిజాతి మొలకలతో చేసి, 1880లో ఒక పుస్తకంగా ప్రకటించాడు. వెలుతురును కనిపెట్టేది కొస. వంగేది దానికి కింది భాగం. మరి కొసనుంచి కిందికి కబురు ఎలా వెళుతున్నది? 1926లో హాలెండు దేశపు యువకుడు ఫ్రిట్స్ వెంట్ ఓట్ల మొలకల కొసలు కోసి, సముద్రపు నాచునుంచి తీసిన జిగురు ముక్కల మీద కొంతసేపు నిలబెట్టాడు. తరువాత ఆ జిగురు ముక్కలను తల లేని మొలకల మీద ఒక పక్కకు పెట్టాడు. చీకటిలో కూడ మొలకలు వంగాయి! కొసలోని పదార్థం జిగురులోకి దిగి, దానినుంచి మొలకలోకి దిగింది. అది చేరిన పక్క ఎక్కువగా సాగి, మొలక రెండవ పక్కకు వంగింది. ఆ పదార్థమే ఆక్సిన్.

తులసి కొసలు తుంచితే మొక్క గుబురుగా పెరుగుతుందని మీ నాయనమ్మకు తెలుసు. కొసలో పుట్టిన ఆక్సిన్ కిందికి వస్తూ పక్క మొగ్గలను అణచి ఉంచుతుంది. కొస పోతే ఆ అదుపు పోయి, పక్క మొగ్గలు లేస్తాయి.

మొక్క వేడిని ఎలా కనిపెడుతుందనే ప్రశ్నకు జవాబు ఇంకా ఈమధ్యది. ఆకులలో వెలుతురును గుర్తించే ఒక రంగు పదార్థమే వెచ్చదనాన్ని కూడ గుర్తిస్తుందని 2016లో ఇంగ్లండు, అర్జెంటీనా శాస్త్రజ్ఞులు తేల్చారు. వారు పరీక్షించింది ఆవాల కుటుంబానికి చెందిన ఒక చిన్న మొక్కను. వేడెక్కితే దానిలో ఆక్సిన్ పెరిగి, లేత కాడ పొడుగు సాగుతుంది. గోధుమ ఒరకు వేడిలో పొట్టితనం వస్తే దీని కాడకు పొడుగు వచ్చింది! ఒకే కబురును అన్ని మొక్కలూ ఒకే విధంగా వినవు. ఈ మాట గుర్తుంచుకోండి; కాసేపట్లో దీనితో పని ఉన్నది.

ఇక మన చేలోకి

గోధుమ మన చేలలో ఎందుకు లేదో ఇప్పుడు చెప్పగలరా? గోధుమ పెరగడానికి చల్లని రోజులు వరసగా చాల కావాలి. వేసవిలో రెంటచింతల ఎండ పేరు వినని తెలుగువాడు లేడు. మన జనవరి రాత్రులు కూడ పంజాబు చలికి సాటిరావు. వెచ్చదనంలో గోధుమ తొందరపడుతుంది. పిలకలు సరిగా వెయ్యకముందే వెన్ను తీస్తుంది. గింజ పాలుపోసుకునే రోజులు తగ్గి, నొక్కు గింజలు మిగులుతాయి. మిరప, ప్రత్తి అలా కావు; అవి వెచ్చదనాన్ని కోరే పైర్లు.

కాని వాటికీ ఒక హద్దు ఉన్నది. మిరప పూతమీద ఉండగా పగటి వేడి ముప్ఫై అయిదు డిగ్రీలు దాటి, రాత్రులు కూడ చల్లబడకపోతే పూత రాలుతుంది. నీటి ఎద్దడి వచ్చినా, వానకు చేలో నీరు నిలిచినా అంతే. ప్రత్తిలో గూడ, పూత, పిందె రాలడం కూడ ఇటువంటిదే. రాలిన మిరప పువ్వును ఏరి, దాని కాడ కొసను చూడండి. చింపినట్లు ఉండదు, నున్నగా కత్తిరించినట్లు ఉంటుంది. అక్కడ ముందే ఒక పలుచని పొర సిద్ధంగా ఉంటుంది. పువ్వు ఆరోగ్యంగా ఉండి ఆక్సిన్ పంపుతున్నంతకాలం ఆ పొర గట్టిగా పట్టుకుని ఉంటుంది. వేడికి పువ్వు దెబ్బతిని ఆక్సిన్ తగ్గితే, ఎథిలీన్ అనే వాయువు కబురు పైచేయి అవుతుంది. పొర కరిగి, పువ్వు రాలుతుంది. కాయలను పండించే వాయువు కూడ ఇదే.

మన పంటకు హార్మోనుల చరిత్రలో ఒక గౌరవస్థానం ఉన్నదని మీకు తెలుసునా? 1963లో అమెరికాలోని కాలిఫోర్నియాలో శాస్త్రజ్ఞులు కాయలు రాలడానికి కారణం వెతుకుతూ, లేత ప్రత్తికాయలనుంచి ఒక కొత్త హార్మోనును వేరుచేశారు. దానికి తరువాత ఆబ్సిసిక్ ఆమ్లం అనే పేరు స్థిరపడింది. రాల్చడం కన్న దానికి వేరే పెద్ద పనులు ఉన్నాయని క్రమంగా తెలిసింది. నేల బీటలు వారిన రోజున ఆకుల మీది సన్నని రంధ్రాలను మూయించి నీటిని కాపాడేది అదే. గింజ కాయలో ఉండగానే మొలవకుండా నిద్రపుచ్చేదీ అదే. అది లేకపోతే కళ్ళం చేరకముందే గింజలు మొలకెత్తుతాయి!

సీసాలో దొరికే కబురు

పూత రాలే మిరపకు కొట్లో ఒక మందు దొరుకుతుంది. అది ఆక్సిన్‌ను పోలినది. దాని పొట్టి పేరు ఎన్.ఎ.ఎ. నూటికి నాలుగున్నర పాళ్ళ బలం గల ఆ మందును నాలుగున్నర లీటర్ల నీటికి ఒక మిల్లీలీటరు చొప్పున కలపమంటారు. రండి, లెక్క వేద్దాం. వంద మిల్లీలీటర్ల మందులో నాలుగున్నర గ్రాములు ఉన్నది. కనుక ఒక మిల్లీలీటరులో 45 మిల్లీగ్రాములు. దానిని నాలుగున్నర లీటర్లకు పంచితే లీటరుకు 10 మిల్లీగ్రాములు. లీటరు నీటి బరువు పది లక్షల మిల్లీగ్రాములు. అంటే లక్ష పాళ్ళ నీటికి ఒక పాలు మందు! హార్మోను బలం ఇంతటిది.

"కొంచెం పోస్తే కొంత నిలిచింది, ఎక్కువ పోస్తే అంతా నిలుస్తుంది" అనుకునేవారు ఉన్నారు. అది పొరపాటు. ఆపిలు తోటలలో మరీ ఎక్కువగా కాసిన పిందెలను రాల్చడానికి వాడేది కూడ ఈ ఎన్.ఎ.ఎ. మందే! మోతాదు, సమయం మారితే నిలిపే చెయ్యే రాలుస్తుంది. వేరుకు నీళ్ళు అందని మొక్కకు ఎన్ని సీసాల కబురు పంపినా ప్రయోజనం లేదు.

ఇంతకన్న పెద్ద ప్రమాదం మరొకటి ఉన్నది. 2,4-డి అనే కలుపుమందు గురించి మీ నాన్నగారు, బాబాయిగారు మాట్లాడుకోగా వినే ఉంటారు. అది కూడ మనుషులు చేసిన ఆక్సినే. వెడల్పు ఆకుల మొక్కకు అది తగిలితే, తల్లడిల్లి మెలికలు తిరిగి పెరిగి చస్తుంది. వరి, జొన్న, మొక్కజొన్న వంటి గడ్డిజాతి పైర్లు తట్టుకుంటాయి. ఒకే కబురును అన్ని మొక్కలూ ఒకే విధంగా వినవని చెప్పుకున్నాము గదా! గడ్డిజాతి కానిది ప్రత్తి. 2,4-డి అంటే ప్రత్తికి ఉన్నంత సుకుమారం తక్కువ పైర్లకు ఉన్నది. పక్క మొక్కజొన్న చేలో కొట్టిన మందు గాలికి కొద్దిగా తేలివచ్చినా, ఆ మందు కలిపిన పంపును సరిగా కడగకుండా ప్రత్తిలో పురుగుమందు కొట్టినా, కొన్ని రోజులలో ప్రత్తి లేత ఆకులు సన్నగా చీలి బెండ ఆకులవలె మారతాయి. గూడ, పూత పోతాయి. రైతు అది తెగులని భ్రమపడి మరొక మందు కొడతాడు. ఒక్కొక్కప్పుడు పక్క చేల వారితో మాటామాటా వస్తుంది. కౌలు కట్టి, అప్పు తెచ్చి వేసిన పైరుకు ఇటువంటి దెబ్బ తగిలితే ఆ ఇంటికి ఆ ఏడు ఎలా గడుస్తుంది?

దీనికి విరుగుడు సులభం. కలుపుమందుకు ఒక పంపు, పురుగుమందుకు మరొక పంపు వేరుగా ఉంచాలి. కొలత గ్లాసులు, బకెట్లు కూడ వేరుగానే ఉండాలి. గాలి వీచే వేళ కలుపుమందు కొట్టరాదు. ఈ మందుల సీసాలను, పంపులను పిల్లలు ముట్టుకోనే రాదు. ఆ పని పెద్దలది. కాని పంపుల మీద "కలుపు", "పురుగు" అని పెద్ద అక్షరాలతో చీటీలు రాసి ఇవ్వడం మీరు చెయ్యగల పనే. నాన్నగారి చేత అంటింపించండి. ఎందుకని ఆయన అడిగితే, లక్ష పాళ్ళకు ఒక పాలు లెక్క పలక మీద వేసి చూపండి. పైరులో వింత కనుపిస్తే ఇంకో సీసా కొనకముందు రెండు మొక్కలు పీకి, తడిగుడ్డలో చుట్టి, గుంటూరు దగ్గర లాం ఫారానికో, మీ ఊరి రైతు సేవా కేంద్రానికో తీసుకువెళ్ళి చూపించమనండి. మిరప, ప్రత్తి పైర్లను ఏళ్ళ తరబడి పరిశీలించినవారు లాం ఫారంలో ఉన్నారు.

ఈ నెల అభ్యాసం

1. మూడు పళ్ళేలలో ఏడవ రోజున మొలకల సగటు ఎత్తు ఎంత? అన్ని ఎత్తులూ కూడి, మొలకల సంఖ్యతో భాగించండి.

2. పది లీటర్ల పంపుకు లీటరుకు 10 మిల్లీగ్రాముల చొప్పున ఎన్.ఎ.ఎ. కావాలంటే పైన చెప్పిన మందు ఎన్ని మిల్లీలీటర్లు పొయ్యాలి?

3. మీ ఊళ్ళో మిరప నారు ఏ కార్తెలో పోస్తారు? "తాతగారూ, అంతకు ముందు ఎందుకు పొయ్యరండీ?" అని పెద్దవారిని అడిగి, వారి జవాబులో వేడి మాట ఎక్కడ వచ్చిందో గమనించి రాయండి.